అందరూ చాయ్‌కి దిగాక

జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల భయం రెండింటి మీదే ఉంటుంది. ఒకటి కత్తి, రెండోది మత్తు. ఆ రెండింటిలోనూ మత్తంటేనే ఎక్కువ గుబులు. కత్తి ఏం చేస్తుందో ఊహకు అందుతుంది, మత్తు సంగతి అందదు. మత్తు ఎక్కువైతే మనిషి లేవడట, నడుముకు సూది వేస్తే జన్మంతా నొప్పేనట అన్న మాటలు ఆ బెంచీ మీద ఒకరి నుంచి ఒకరికి పాకుతుంటాయి. తలుపు కొద్దిగా తెరిచి నర్సమ్మ "అయిపోయింది, మంచిగనే ఉన్నది" అనగానే సగం మంది ఊపిరి వదిలి చాయ్ తాగడానికి దిగుతారు. దుబాయ్‌లో ఉన్న కొడుక్కో అల్లుడికో ఫోన్ పోతుంది. గండం గడిచిందని అందరి లెక్క. ఆపరేషన్ల భద్రత మీద గత ఇరవై ఏళ్లలో పోగైన పరిశోధన ఈ లెక్కను తిరగేస్తోంది. బల్ల మీద గడిచే ఆ గంటలో రోగి పక్కన ఒక డాక్టరు ఆమెనే చూస్తూ కూర్చుంటాడు. ఆస్పత్రిలో ఆమెకు అంత కాపలా మళ్లీ దొరకదు. గండం చాలాసార్లు మొదలయ్యేది అందరూ చాయ్‌కి దిగాకే.

ఈ మాటకు చూపదగిన ఆధారాల్లో పెద్దది 'విజన్' అనే అధ్యయనం. 14 దేశాల్లోని 28 ఆస్పత్రుల్లో, గుండెకు సంబంధించని ఆపరేషన్లు చేయించుకున్న 45 ఏళ్లు నిండినవారిని 40,004 మందిని నెల రోజులు గమనించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. నెలలోపు 715 మంది చనిపోయారు, అంటే నూటికి ఇద్దరి కన్నా తక్కువ. వాళ్లలో థియేటర్‌లోనే పోయినవారు ఐదుగురు. 500 మంది ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రిలో ఉండగానే పోయారు. మిగిలిన 210 మంది ఇంటికి చేరాక పోయారు. ఎక్కువ ప్రాణాలు తీసినవి రక్తస్రావం, గుండె కండరానికి నొప్పి కూడా తెలియకుండా తగిలే దెబ్బ, ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్. ఈ మూడింటిలో ఏదీ చాలావరకు పిడుగులా మీద పడదు. గంటలూ రోజులూ తీసుకుని ముదురుతుంది, ముదిరే ముందు చిన్న చిన్న సైగలు చేస్తుంది. నాడి కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, మూత్రం తగ్గుతుంది, మనిషి కాస్త అయోమయంగా మాట్లాడుతుంది. అదే ఏడాది లాన్సెట్‌లో వచ్చిన మరో అంచనా ప్రకారం, ఆపరేషన్ అయిన నెలలోపు ప్రపంచంలో ఏటా చనిపోతున్నవారు 42 లక్షల మంది. ఎయిడ్స్, క్షయ, మలేరియా మూడూ కలిసి తీసే ప్రాణాలకన్నా ఇది ఎక్కువ.

థియేటర్‌లో చావు ఇంత అరుదు ఎలా అయింది? ఆ కథలో హైదరాబాదుకు ఒక విచిత్రమైన చోటుంది. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను ప్రసవాలకు వాడడం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, కాలి గోరు తీయించుకోవడానికి వచ్చిన హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల ఇంగ్లండ్‌లో ఆ మత్తులోనే పోయింది. అక్కడి నుంచి దశాబ్దాల పాటు ఒకటే తగువు: క్లోరోఫాం చంపేది గుండెను ఆపా, ఊపిరిని ఆపా? ఇదేదో పండితుల వాదం అనుకోవడానికి లేదు. మత్తిచ్చే మనిషి చెయ్యి నాడి మీద ఉండాలా, కళ్లు ఛాతీ మీద ఉండాలా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, ఇక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం. నాడి సంగతి వదిలేయండి, ఊపిరిని చూస్తే చాలు, అన్నది అతని పట్టు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888లో ఒకసారి, 1889లో మరోసారి క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. రెండోసారి నిజాం వెయ్యి పౌండ్లు ఇస్తే, లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి ఓడెక్కి వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. లారీ దగ్గర చదువుకుని మత్తివ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్జీకి ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు నిలిచింది. అప్పటికి జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు అదే నిజాం రాజ్యంలో ఎలగందుల జిల్లా కింద ఉన్నాయి.

కమిషన్ లారీ మాటనే నిలబెట్టింది. అది తప్పని తర్వాత తేలింది. క్లోరోఫాం కొద్దిపాటి మోతాదులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి కొట్టుకుని ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. అయినా ఆ కమిషన్‌ను నవ్వి కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. సిద్ధాంతం తప్పినా అలవాటు మంచిదే: మత్తిచ్చిన మనిషి మరో పని పెట్టుకోకుండా రోగి ఊపిరినే చూస్తూ ఉండాలి. తర్వాతి నూరేళ్లలో థియేటర్‌ను భద్రం చేసింది చాలావరకు ఈ అలవాటే. మందులు మెరుగయ్యాయి, కాదనలేం. 1970లలో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టిన సూత్రంతో పల్స్ ఆక్సీమీటరు వచ్చింది. కరోనా రోజుల్లో మన ఇళ్లలోకి కూడా చేరిన ఆ క్లిప్పు అదే. 1986లో హార్వర్డ్ ఆస్పత్రులు మత్తు డాక్టర్ల కోసం కనీస నియమాలు రాసుకున్నప్పుడు వాటిలో ముందు వరసలో ఉన్న నియమానికి యంత్రంతో పనిలేదు: మత్తులో రోగి ఉన్నంతసేపు డాక్టరు ఆ గదిలోనే ఉండాలి. రాసుకోవాల్సి వచ్చిందంటే, అంతకుముందు అది ప్రతిసారీ జరిగేది కాదనే అర్థం.

ఇప్పుడు బెంచీ మీది వాళ్లు అడిగే ప్రశ్నకు వద్దాం: నడుముకు సూదా, పూర్తి మత్తా, ఏది మంచిది? తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ల విషయంలో డాక్టర్లు కూడా చాలాకాలం నడుము సూదే మేలనుకున్నారు. అమెరికా, కెనడాల్లో 1,600 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా పంచి చేసిన 'రీగెయిన్' ప్రయోగం 2021లో వెలువడింది. రెండు నెలలకు చనిపోయినవారు, నడవలేకపోయినవారు కలిపి నడుము సూది జట్టులో నూటికి 18.5, పూర్తి మత్తు జట్టులో 18. తేడా లేనట్టే. ఆపరేషన్ తర్వాత మతి చలించడం మీద చైనాలో జరిగిన ప్రయోగం కూడా 2022లో ఇదే చెప్పింది. తేడా మరో చోట కనిపించింది. మన దేశంతో సహా 17 దేశాల్లో జరిగిన 'హిప్ అటాక్' ప్రయోగంలో, సగటున ఒక రోజు ఆగకుండా ఆరు గంటలకే ఆపరేషన్ మొదలైనవారిలో చావులు తగ్గలేదు గానీ మతి చలించడం తగ్గింది, త్వరగా లేచి నిలబడ్డారు. బాత్రూంలో జారిపడ్డ తల్లికి గల్ఫ్ నుంచి కొడుకు దిగేదాకా ఆపరేషన్ ఆపుదామనే ఇళ్లు ఈ ప్రాంతంలో లేకపోలేదు. అలాంటి ఇంట్లో ఏ మత్తు అన్న ప్రశ్నకన్నా ఎప్పుడు అన్న ప్రశ్నే బరువైంది.

అయితే ఈ మూడు ఊళ్లలో మత్తు అంటే ఎక్కువగా ప్రసవమే, పెద్దాపరేషనే. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూరు కాన్పుల్లో 21.5 సిజేరియన్లు కాగా తెలంగాణలో 60.7. కరీంనగర్ జిల్లాలో 82.4. జగిత్యాల, సిరిసిల్ల 2016 దాకా ఆ కరీంనగర్ జిల్లాలోవే. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేరే వ్యాసానికి తగిన ప్రశ్న, నా జవాబు కాదనే. కానీ ఆ వాదన తేలేదాకా ఆడవాళ్లు ఆగరు కదా. ఏటా వేలమంది పడుచు తల్లుల వెన్నులోకి ఆ సూది దిగుతూనే ఉంటుంది. కాబట్టి అది ఏం చేస్తుందో చూడడం మేలు. నడుము దగ్గర ఎముకల సందులోంచి సన్నని సూదితో రెండు మిల్లీలీటర్ల దరిదాపు మందును వెన్ను చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కిస్తారు. వెన్నుపాము అంతకు పైనే ముగిసిపోతుంది, అక్కడ ఉండేవి నీటిలో తేలే నరాల పోగులు. మందు వాటిని తడపగానే నొప్పి తెలియదు, కాళ్లు బరువెక్కుతాయి. జన్మంతా నడుం నొప్పి అన్న భయానికి ఆధారం దొరకలేదు. దాదాపు అదే చోట వేసే ఎపిడ్యూరల్ సూది పొందిన తల్లులనూ పొందని వాళ్లనూ రెండేళ్లకు పైగా గమనించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన ప్రయోగంలో నడుం నొప్పి రెండు జట్లలోనూ ఒకే తీరుగా ఉంది. తొమ్మిది నెలలు బిడ్డను మోసి, పుట్టాక వంగి వంగి ఎత్తుకునే నడుముకు నొప్పి రావడానికి సూదితో పనిలేదు. ఇక్కడి చాలామంది ఆడవాళ్లు పొద్దస్తమానం చాట ముందు కూర్చుని బీడీలు చుడతారు కూడా.

సూదికి నిజమైన చెడు గుణం వేరే ఉంది. నొప్పి నరాలతో పాటు, రక్తనాళాలను బిగించి పట్టే నరాలు కూడా మొద్దుబారుతాయి. నాళాలు వదులై బీపీ జారుతుంది. పైగా వెల్లకిలా పడుకున్న తల్లిలో గర్భం బరువు పెద్ద సిరను నొక్కి, గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిస్తే తల్లికి కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది, బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. ఈ చిన్న సమస్య మీద ముప్పై ఏళ్ల పరిశోధన ఉంది. ముందు సెలైన్ సీసాలు ఎక్కిస్తే చాలనుకున్నారు, చాలలేదు. తర్వాత ఎఫెడ్రిన్ రాజ్యమేలింది; అది బిడ్డ రక్తంలో ఆమ్లాన్ని పెంచుతున్నదని తేలింది. హాంకాంగ్‌లో వార్విక్ న్‌గన్ కీ బృందం చేసిన ప్రయోగాల తర్వాత ఫినైలెఫ్రిన్ ముందుకొచ్చింది. 2018లో పలు దేశాల నిపుణులు కలిసి రాసిన సూచన ఇది: బీపీ పడ్డాక లేపడం కాదు, సూది వేసిన క్షణం నుంచే మందు సన్నగా నడిపి, మొదటి అంకెలో 90 శాతానికి తగ్గకుండా నిలపాలి, 80 శాతం కిందికి జారితే వెంటనే సరిచేయాలి, తల్లిని కాస్త ఎడమకు ఒరిగించాలి. ఇందులో ఖరీదైనది ఏముంది? మందు చవక, ఒరిగించడానికి ఒక దిండు చాలు. కావలసిందల్లా నిమిషానికోసారి అంకె చూసే కళ్లు.

ఆపరేషన్‌కు ముందు గంటల విషయంలో మనం అతిగా జాగ్రత్తపడే చోటు ఒకటుంది. రేపు పొద్దున ఆపరేషన్ అంటే ఈ రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టొద్దంటారు. ఈ కట్టుబాటు వెనక న్యూయార్క్ డాక్టరు కర్టిస్ మెండెల్సన్ 1946లో రాసిన పత్రం నీడ ఉంది. 44,016 కాన్పుల్లో 66 మందికి మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి జారింది. ఇద్దరు పోయారు, ఇద్దరికీ అడ్డుపడింది ఘనాహారం. శిక్ష మాత్రం నీళ్లకు కూడా పడింది. నీళ్లు కడుపులో నిలవవని 1980ల నుంచి ప్రయోగాలు చెబుతున్నాయి. ముందే అనుకుని చేసే ఆపరేషన్లకు అన్నం ఆరు గంటలు, మంచినీళ్లు రెండు గంటలు ఆపితే చాలన్నది ఇప్పుడు చాలా దేశాల నియమం. పాలు కలిపిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు, అది అన్నం జట్టే. నొప్పులతో వచ్చినవాళ్లకూ, అత్యవసర కేసులకూ ఈ లెక్క వర్తించదు, అక్కడ డాక్టరు చెప్పిందే మాట. ఎండాకాలంలో పది పన్నెండు గంటలు గుక్కెడు నీళ్లు లేక వచ్చిన తల్లికి సూది వేస్తే బీపీ నిలుస్తుందని ఆశించడం కష్టమే. ఇక ముహూర్తం చూసి పెట్టే కోతల సంగతి చెప్పనక్కర్లేదు. ముహూర్తం పెట్టిన పంతులుకు ఆమె ఎప్పుడు తిన్నదో తెలియదు, ఆ వేళకు రాత్రి డ్యూటీలో ఎందరు నర్సులున్నారో అసలే తెలియదు.

ఇక అసలు వాదన. 2009లో అమీర్ ఘఫేరీ బృందం అమెరికాలో 84,730 మంది రోగుల రికార్డులు తీసి, చావులు ఎక్కువున్న ఆస్పత్రులనూ తక్కువున్న వాటినీ పక్కపక్కన పెట్టింది. మంచి ఆస్పత్రుల్లో చిక్కులే తక్కువ వస్తాయని ఎవరైనా అనుకుంటారు. అలా లేదు. చిక్కులు చావులు ఎక్కువున్నచోట నూటికి 24.6, తక్కువున్నచోట 26.9, దాదాపు సమానం. కానీ పెద్ద చిక్కు వచ్చినవారిలో చనిపోయినవారు చావులు తక్కువున్నచోట నూటికి 12.5, ఎక్కువున్నచోట 21.4. అంటే చిక్కు రాకుండా ఆపడంలో ఉన్న తేడా కొంచెమే. వచ్చినదాన్ని వేళకు పసిగట్టి ప్రాణం నిలపడంలో ఉన్న తేడా దాదాపు రెట్టింపు. నర్సుల మీద తొమ్మిది ఐరోపా దేశాల్లో జరిగి 2014లో వచ్చిన అధ్యయనం దీనికి తోడు నిలుస్తుంది: ఒక్కో నర్సు చేతి కిందికి ఇంకో రోగి చేరిన కొద్దీ చావు ముప్పు 7 శాతం చొప్పున పెరిగింది. నేను చెప్పదలచినది ఇంతే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆపరేషన్‌ను భద్రం చేసే మార్గం మరింత ఖరీదైన థియేటర్‌లో లేదు, థియేటర్ దాటాక మొదటి ఇరవై నాలుగు గంటల్లో ఉంది. మనం ఆ గంటలకు డబ్బు, మనిషి, గౌరవం మూడూ తక్కువే ఇస్తున్నాం.

చిన్న పట్టణాల ఏర్పాటు ఈ లోపాన్ని పెంచే తీరులోనే ఉంది. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరు తరచూ ఆ ఆస్పత్రి మనిషి కాడు. ఫోన్ వస్తే వస్తాడు, సూది వేస్తాడు, కేసు అయ్యేదాకా ఉంటాడు, తర్వాత మరో ఆస్పత్రి నుంచి ఫోన్. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, ఊరికి నలుగురైదుగురే ఉంటే ఇలాగే జరుగుతుంది. కానీ సూది మందు ప్రభావం అతనితో పాటు కారెక్కి వెళ్లదు. నడుము కింది మొద్దుతనం ఇంకో రెండు మూడు గంటలు ఉంటుంది. గర్భసంచి బిగుసుకోకుండా రక్తం కారితే, ఆ మొద్దుతనంలో తల్లికి తెలియదు, దుప్పటి కింద ఎవరికీ కనపడదు. పడుచు ఒంటికి ఇంకో మాయ ఉంది. గణనీయంగా రక్తం పోయేదాకా బీపీని పట్టి నిలబెడుతుంది. ముందు పెరిగేది నాడి. బీపీ పడిందని గుర్తించేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నట్టు అదే కుటుంబ సర్వే చెప్పింది. నిండుగా రక్తమున్న మనిషి తట్టుకునేంత నష్టం ఈమెకు చాలా ఎక్కువ. ఇక రక్తం కోసం, పెద్ద డాక్టరు కోసం కోరుట్ల నుంచి జగిత్యాలకు, అక్కడి నుంచి కరీంనగర్‌కు దారి లెక్కపెట్టుకోవాలి. ఒక గంట ముందు పసిగడితే ఆ దారి దగ్గరవుతుంది.

మొదటి అభ్యంతరం న్యాయమైనదే: ఈ లెక్కలన్నీ డబ్బున్న దేశాల ముసలివాళ్లవి, మన కేసులు ఇరవై అయిదేళ్ల తల్లులు, పోలిక ఎక్కడ? దీనికి 2018లో వచ్చిన ఆఫ్రికా అధ్యయనం జవాబు. 25 దేశాల్లో 11,422 మంది రోగులు, ఎక్కువగా పడుచువాళ్లు, ఆరోగ్యవంతులు, ఎక్కువగా చేసిన ఆపరేషన్ సిజేరియన్. అయినా చావులు ప్రపంచ సగటుకు రెట్టింపు, వాటిలో నూటికి 94 ఆపరేషన్ రోజు దాటాక జరిగినవే. పేద, మధ్యాదాయ దేశాల సిజేరియన్ల మీద 2019లో సోహా సోభీ బృందం వేసిన లెక్కలో, చావుల్లో దాదాపు మూడో వంతు రక్తస్రావానివి, అయిదో వంతుకు పైగా ఇన్ఫెక్షన్‌వి, అంతకు కాస్త తక్కువగా గుర్రపువాతం, బీపీలవి. మత్తు వాటా నూటికి 14. అది తక్కువేం కాదు, మత్తివ్వడంలో నైపుణ్యం అనవసరమని నేను అనడం లేదు. అదే బృందం అంతకుముందు రాసిన పత్రంలో, ఆ దేశాల్లో పూర్తి మత్తు పొందిన తల్లుల్లో చావు ముప్పు నడుము సూది వారికన్నా మూడింతలున్నట్టు కనిపించింది. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకే పూర్తి మత్తు ఎక్కువగా ఇస్తారు గనుక ఆ మూడింతల్లో కొంత రోగం వాటా కూడా ఉంటుంది. అయినా బరువు ఎటు ఉందో తెలుస్తూనే ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది, దాన్ని పరిశోధకులే లేవనెత్తారు. సరే, చూస్తూ ఉంటే ప్రాణాలు దక్కుతాయా అని ఆఫ్రికాలోనే 28 దేశాల్లో 332 ఆస్పత్రులను రెండు జట్లుగా పంచి ప్రయోగం చేశారు. ముప్పు ఎక్కువున్న రోగులను ఒక జట్టులో ప్రత్యేకంగా, తరచుగా గమనించమన్నారు. 2021లో ఫలితం వచ్చింది: చావులు తగ్గలేదు. నా వాదన ఇక్కడ కూలినట్టేనా? నాకైతే అది కూలలేదు, సరిదిద్దుకుంది. చూడమని చెప్పినంత మాత్రాన చూసే చేతులు పెరగవు. చూసి గుర్తించినా ఏం చేయాలో ముందే చేతిలో లేకపోతే ఆ చూపు చీటీ మీద రాతగానే మిగిలిపోతుంది. దీనికి ఎదురు సాక్ష్యం 2023లో వచ్చిన 'ఈ-మోటివ్' ప్రయోగం. నాలుగు ఆఫ్రికా దేశాల్లో 80 ఆస్పత్రులు, రెండు లక్షలకు పైగా మామూలు కాన్పులు. అంచనాగా చూసే బదులు, కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు తల్లి కింద పరిచి రక్తాన్ని కొలిచారు. గీత దాటగానే మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి. రక్తస్రావాన్ని గుర్తించడం నూటికి 51 నుంచి 93కు పెరిగింది, తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, చావు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. అవి సిజేరియన్లు కావు, అంకెలను యథాతథంగా ఎత్తుకురాకూడదు. కానీ రెండు ప్రయోగాల తేడా చాలా చెబుతుంది. ఒకచోట జాగ్రత్తగా చూడమన్నారు. మరోచోట ఏం చూడాలో గీత గీసి, గీత దాటితే ఏం చేయాలో చేతికిచ్చారు.

మూడో మాట జనం నుంచి వస్తుంది: మా దగ్గర తోడు లేకుండా రోగి ఎక్కడుంది, అమ్మో అత్తమ్మో రాత్రంతా మంచం పక్కనే ఉంటుంది కదా? నిజమే, ఐరోపా వార్డుల్లో లేని బలం ఇది. కానీ ఆ తోడుకు మనం అప్పజెప్పే పని మందులు తేవడం, బిడ్డను పట్టుకోవడం, పప్పు తింటే కుట్లు చీము పడతాయని పత్యం కాపాడడం. చివరిదాని వల్ల పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులే తగ్గుతాయి. ఉగాండాలో రోగి బంధువులకు నాడి, ఊపిరి, ఆక్సిజన్ అంకె చూడడం నేర్పి చేసిన ఒక చిన్న ప్రయోగంలో, రోగిని చూసి రాసుకునే సార్లు బాగా పెరిగాయి. నర్సు చేయాల్సిన పనిని ఇంటివాళ్ల నెత్తిన రుద్దడానికి దీన్ని సాకుగా వాడకూడదు. అయితే బట్ట ఎన్నిసార్లు తడిసి మార్చాల్సి వచ్చింది, మూత్రం సంచిలో ఎంత చేరింది, పిలిస్తే వెంటనే పలుకుతోందా, ఈ మూడూ చూసి ఏ మార్పు వస్తే నర్సును లేపాలో తోడున్నామెకు సాయంత్రమే చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు కూడా పనికొస్తుంది, దాన్ని గుడ్డిగా నమ్మకపోతే. నల్లని చర్మం మీద అది అసలు అంకె కన్నా ఎక్కువ చూపే సందర్భాలు తెల్ల చర్మం మీదకన్నా దాదాపు మూడింతలని 2020లో అమెరికా ఆస్పత్రుల లెక్క చూపింది. పైగా ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంటే, ఊపిరి మందగించినా అంకె చాలాసేపు బాగానే ఉంటుంది. లారీ ఊపిరిని చూడమన్నది ఇందుకోసం కాకపోయినా, ఈ పనికి మాత్రం అతని మాట ఇప్పటికీ చెల్లుతుంది.

మత్తుకు ముందు చేసే పరీక్షలో కూడా ఈ ప్రాంతానికి తగిన ప్రశ్నలు కావాలి. బీడీ తాగుతారా అని ఆడవాళ్లను అడిగితే లేదంటారు, నిజమే చెబుతారు. బీడీలు చుడతారా అని అడగాలి. ఏళ్ల తరబడి పొగాకు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల్లో లోపాలు అధ్యయనాల్లో కనిపించాయి. దుమ్ము సంగతే కాబట్టి, సిరిసిల్లలో మరమగ్గం మీద ఎన్నేళ్లు పనిచేశారని మగవాళ్లను అడగాలి. రక్తం ఎంతుందో కాన్పు రోజున కాదు, ఏడో నెలలోనే చూడాలి, అప్పుడైతే సరిచేయడానికి వేళ ఉంటుంది.

జగిత్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. పరిశోధన అంటే ప్రయోగశాల, కోట్ల రూపాయలు అనుకోనక్కర్లేని ప్రశ్న ఒకటి వాటి ముందు ఉంది. గడిచిన ఏడాది సిజేరియన్ అయిన తల్లుల కేసు షీట్లు తీసి, ఆపరేషన్ రోజు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఎన్నిసార్లు నాడి రాశారు, ఎన్నిసార్లు బీపీ రాశారు, మూత్రం కొలత ఎన్నింట్లో ఉంది, అన్ని గళ్లలోనూ ఒకే అంకె, ఒకే చేతిరాతతో ఒకేసారి నింపినవి ఎన్ని అని లెక్కపెట్టాలి. మూడో ఏడాది విద్యార్థులు నలుగురు నెల రోజుల్లో చేయగల పని అది. ఆ లెక్క చేతికి వస్తే, రాత్రి వార్డుకు ఇంకో నర్సు కావాలో, ఒక గడియారం చాలునో, తడిసిన బట్టలను తూచడానికి కూరగాయల తూకం లాంటిది ఒకటి కొనాలో తేలుతుంది. కేసు షీట్లు రికార్డు గదుల్లో నెలవారీగా కట్టలు కట్టి ఉంటాయి.